బారిష్టరు అంబేద్కరు మహాశయుని న్యాయవాద చరిత్రము



డాక్టరు భీమరావు రాంజీ అంబేద్కరు గారి చిత్రపటము లేని సభాభవనము మన వారికి లేదు. వారిని భారత రాజ్యాంగ నిర్మాతలలో అగ్రగణ్యునిగా నెరుగని బాలుడును మనలో లేడు. అయినను వారు జీవనార్థము చేపట్టినది న్యాయవాద వృత్తి యనియు, ఆ వృత్తిలో వారు కూడబెట్టినది ధనము గాక మన హక్కులకు సాక్ష్యమనియు తలచుకొను వారు తక్కువ. ఒక ఊరి చెరువులోని నీటిని తోటి మనుష్యుల వలెనే త్రాగవచ్చునని న్యాయస్థానమున నిలువబెట్టుటకు ఆ మహాశయునకు పదియేండ్లు పట్టెను. ఆ పదియేండ్లలో వారు నేర్చిన పాఠమే పిదప దేశమునకెల్ల శాసనమయ్యెను. ఈ సంగతి మన యువకులు తెలిసికొనదగినదని యెంచి, వారి న్యాయవాద చరిత్రమును సంగ్రహముగా నిచ్చట విన్నవించుచున్నాము.

బాల్యము

అంబేద్కరు గారు 1891 సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీని మధ్య భారతమున ఇందౌరునకు సమీపమందున్న మౌ అను సైనిక పట్టణములో జన్మించిరి. వారి స్వగ్రామము కొంకణ దేశమందలి రత్నగిరి జిల్లాలోని అంబడవే. తండ్రి రాంజీ సక్పాలు గారు సైన్యమున సుబేదారు పదవి నందినవారు. సైనిక పాఠశాలలో ఉపాధ్యాయులుగను పనిచేసిరి. తల్లి భీమాబాయి గారు. ఆ దంపతులకు వీరు పదునాలుగవ సంతానము. మహారు కులమున బుట్టిన కతమున వీరికి చిన్ననాటనే అస్పృశ్యత యనగా నేమో తెలియవచ్చెను.

సతారా పాఠశాలలో ఈ బాలుడు తక్కిన పిల్లలతో కూర్చుండుటకు వీలు లేకుండెను. దాహమైనచో కొళాయిని తాకరాదు. బంట్రోతు వచ్చి త్రిప్పినగాని నీరు లేదు. బంట్రోతు రానినాడు దాహమే గతి. 1901లో పరగణాలో నుద్యోగము చేయుచున్న తండ్రిని జూచుటకు అన్నతోను మేనల్లునితోను బయలుదేరి మసూరు స్టేషనులో దిగిరి. వీరు మహారు పిల్లలని తెలిసినతోడనే బండివాండ్రెవ్వరును బండి కట్టరైరి. ఇబ్బడి కూలి యిచ్చి, బండిని పిల్లలే తోలుకొనునట్లును, బండివాడు ప్రక్కన నడచునట్లును ఒప్పందము చేసికొని ఒక బండి సంపాదింపవలసి వచ్చెను. వెంట అన్నముండెను గాని రాత్రియంతయు త్రాగుటకు నీరు దొరకలేదు. కులము దాచి యడిగినను దారిలోని సుంకపుచావడి వాడు చుక్క నీరీయలేదు. ఈ వృత్తాంతమును అంబేద్కరు గారు పెద్దవారైన పిదప తామే వ్రాసి యుంచిరి. తరువాతి కథకెల్ల ఈ దాహమే పీఠిక.

విద్య, పోషకుల సాయము

1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాల నుండి మెట్రిక్యులేషను పరీక్షయందును, 1912లో బి.ఏ. పరీక్షయందును వీరు కృతార్థులైరి. బరోడా ప్రభువు శ్రీ సయాజీరావు గాయక్వాడు మహారాజుగారు బి.ఏ. చదువునకు నెలకు 25 రూపాయల చొప్పున వేతనమొసగుటయే గాక, 1913లో అమెరికా దేశమందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచ్చట 1915లో ఎం.ఏ. పట్టము పొంది, 1916లో లండను నగరము చేరి, అర్థశాస్త్ర విద్యాలయమునను, బారిష్టరు పరీక్షకై గ్రేస్ ఇన్ అను న్యాయవాద సంఘమునను చేరిరి.

పోషక మహాశయులు ఇచ్చట ఒక్క విషయమును గమనింప వేడుచున్నాము. 1917లో విద్యార్థివేతనపు గడువు ముగియుటచే చదువు నడుమ విడిచి వీరు స్వదేశమునకు రావలసి వచ్చెను. ఒప్పందము ప్రకారము బరోడాలో ఉద్యోగమున చేరగా, ఆ పట్టణమున తల దాచుకొనుటకు ఇల్లు దొరకలేదు. కులము మరుగుపరచి పారశీకుల సత్రములో కొన్ని దినములుండగా, సంగతి బయటపడి, కర్రలు చేతబట్టిన కొందరు వచ్చి వెడలగొట్టిరి. పిదప బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో ఆచార్యులుగా నుండి సొమ్ము కూడబెట్టి, కొల్హాపురపు ఛత్రపతి శాహూ మహారాజుగారి సహాయమును, నవల్ భథేనా అను పారశీక మిత్రుని అప్పును తోడుచేసికొని, 1920లో మరల లండను వెళ్లిరి. 1922లో బారిష్టరు పట్టమును, 1923లో అర్థశాస్త్రమున డి.ఎస్సీ. పట్టమును సాధించిరి. ఒక విద్యార్థివేతనము నిలిచిపోయిన కతమున అంతటి మేధావికి మూడేండ్లు వ్యర్థమయ్యెను. ఆ సహాయమే మరల లభింపకున్నచో మనకు అంబేద్కరు బారిష్టరు లేకపోయెడివాడు.

వృత్తి ప్రవేశము

1923లో స్వదేశమునకు వచ్చి బొంబాయి హైకోర్టులో న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకొనిరి. ఆ హైకోర్టులో బారిష్టరులకు వ్యాజ్యములు సొలిసిటరుల ద్వారమున రావలెను. అస్పృశ్య కులజుడగు బారిష్టరునకు వ్యాజ్యము నప్పగించు సొలిసిటరు లరుదు. అందుచే జిల్లా కోర్టుల వ్యాజ్యములే వీరికి ఆధారమయ్యెను. సంసారము గడచుటకై 1925 మొదలు ఒక లెక్కల శిక్షణాలయమున వ్యాపార న్యాయమును బోధించిరి. పరేలులో కూలివాండ్రు నివసించు గదులే వీరి కాపురము. దామోదరు హాలు వీరి కార్యస్థానము. బీదవారు తమ చిక్కులను చెప్పుకొన వచ్చినచో రుసుము మాట యెత్తక కాగితములు చదివి పంపుచుండిరి.

1926లో పూనా పట్టణమున నొక పెద్ద అభియోగము వీరి చేతికి వచ్చెను. బ్రాహ్మణేతరోద్యమ నాయకులగు జెధే, జవల్కరు గార్లు ప్రకటించిన దేశాచే దుష్మన్ అను గ్రంథము పరువునష్టము కలిగించునదని క్రింది న్యాయస్థానము శిక్ష విధింపగా, అంబేద్కరు గారు అప్పీలు వాదించి ముద్దాయిలను విడిపించిరి. ఈ జయముతో వారి పేరు మహారాష్ట్రమంతట వినబడెను. 1934లో సంతాన నిరోధమును బోధించినందులకు అశ్లీల ప్రచురణమను నేరము మోపబడిన ఆర్.డి. కర్వే గారి పక్షమున నిలిచి వాదించిరి. ఆ వ్యాజ్యము ఓడిపోయిరి. లోకమునకు రుచింపని వ్యాజ్యమని వారు వెనుదీయలేదు. నెగ్గినను ఓడినను, మాట్లాడు స్వాతంత్ర్యమునకు న్యాయస్థానమున నొక గొంతు ఉండవలెనని వారి పట్టుదల.

మహాడు చెరువు

ఇక ముఖ్య విషయమునకు వత్తము. 1923 ఆగష్టు 4వ తేదీని బొంబాయి శాసనసభలో శ్రీ ఎస్.కె. బోలే గారు తెచ్చిన తీర్మానమువలన, ప్రభుత్వ ధనముతో నిర్మింపబడిన గాని నిర్వహింపబడుచున్న గాని చెరువులు, బావులు, పాఠశాలలు మొదలగునవి అస్పృశ్యులకును తెరువబడవలెనని నిర్ణయమయ్యెను. మరుసటి సంవత్సరమే మదరాసు శాసనసభలో రావు బహదూరు ఆర్. శ్రీనివాసన్ గారు ఇట్టి తీర్మానమునే తెచ్చిరి; మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. కొలాబా జిల్లాలోని మహాడు పట్టణ పురపాలక సంఘము 1924 జనవరిలో తన చౌదారు చెరువును అందరికిని తెరచితిమని తీర్మానించెను. కాగితముమీద చెరువు తెరువబడెను గాని గట్టుమీద దారి మూసియే యుండెను. మన వారిలో నొక్కరును ఆ నీటిని ముట్ట సాహసింపలేదు.

1927 మార్చి 19, 20 తేదీలలో మహాడునందు అంబేద్కరు గారి అధ్యక్షతను మహాసభ జరిగెను. రెండవ నాడు ప్రతినిధులు వరుసలు తీరి చెరువునొద్దకు నడిచిరి. అంబేద్కరు గారు దిగి దోసిట నీరు గ్రహించి త్రాగిరి. వెంటనున్న వేలకొలది జనులు వారి ననుసరించిరి. తరువాత వీరేశ్వరుని యాలయమున కూడ ప్రవేశింపనున్నారని వదంతి పుట్టి, భోజనములకు కూర్చున్న ప్రతినిధుల మీద పట్టణపు మూకలు కర్రలతో విరుచుకొనిపడి పలువురిని గాయపరచిరి. మన వారిలో యుద్ధభూములు చూచిన సిపాయిలు పెక్కురుండిరి. ఒక్క మాట యన్నచో రక్తము ప్రవహించి యుండును. అంబేద్కరు గారు వారిని శాంతింపజేసి, దెబ్బలు తిన్నవారిని ఆసుపత్రికి పంపి, పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాయించిరి. ఆ సంవత్సరము జూన్ మాసమున దౌర్జన్యము చేసినవారిలో కొందరికి కఠినశిక్ష పడెను.

పట్టణపు పెద్దలు 108 కుండలలో ఆవుపేడ, గోమూత్రము, పాలు, పెరుగు మంత్రములతో చెరువులో పోయించి శుద్ధి చేసితిమనుకొనిరి. ఆగష్టు మాసమున పురపాలక సంఘము తన పూర్వ తీర్మానమును రద్దు చేసెను. అందుపై డిసెంబరు 25వ తేదీని రెండవ మహాసభ జరిపి మరల నీరు త్రాగెదమని మన వారు ప్రకటించిరి. వెంటనే తొమ్మిదిమంది పట్టణవాసులు, చెరువు అగ్రజాతుల సొత్తనియు, అస్పృశ్యులకు అందు హక్కు లేదనియు, డిసెంబరు 12వ తేదీని మహాడు సబార్డినేటు జడ్జిగారి కోర్టులో దావా వేసిరి. ప్రతివాదులలో మొదటివారు అంబేద్కరు గారే. 14వ తేదీని తాత్కాలికపు ఇంజంక్షను పుట్టెను.

ఆ దినములలో వారు పడిన సంకటమును ఊహింపుడు. వేలకొలది జనులు మూటలు కట్టుకొని వచ్చియున్నారు. దెబ్బలు తినుటకును, కారాగృహమునకు పోవుటకును సిద్ధమని పలువురు మాట ఇచ్చియున్నారు. ఒకవైపున ఈ జనుల యుత్సాహము, రెండవవైపున న్యాయస్థానపు ఆజ్ఞ. నాయకుడుగా వారు ముందునకు నడువవలెను. న్యాయవాదిగా ఆజ్ఞను మన్నింపవలెను. జిల్లా కలెక్టరు వచ్చి కోర్టు తీర్మానించువరకు ఓపిక పట్టుడని వేడెను. ఒకరాత్రి తర్జనభర్జనలు జరిగెను. ఆజ్ఞను ధిక్కరించినచో ప్రభుత్వము శత్రువగును. హక్కు లేదని వాదించు ప్రైవేటు మనుష్యులకు న్యాయము తోడగును. కనుక నీరు త్రాగుట నిలుపుదమని అంబేద్కరు గారు సభకు బోధించి ఒప్పించిరి. జనులు చెరువు చుట్టును ఊరేగింపుగా తిరిగిరి, నీటిని ముట్టక మరలిరి. ఆ సభలోనే మనుస్మృతి దహనము జరిగిన సంగతి లోకవిదితము. అంత యుగ్రమైన ధిక్కారమును, అంత కఠినమైన నిగ్రహమును ఒకే సభలో చూపుట సామాన్యులకు సాధ్యము గాదు.

విచారణ సంఘముల ఎదుట

దావా నడచుచుండగా అంబేద్కరు గారు వేరొక మార్గమున కూడ పాటుపడుచుండిరి. అది విచారణ సంఘముల ఎదుట సాక్ష్యమిచ్చుట. ఈ పనికి వారు బారిష్టరు కాకమునుపే పూనుకొనిరి. 1919 జనవరి 27వ తేదీని ఓటుహక్కును గూర్చి విచారించు సౌత్‌బరో సంఘము నెదుట అస్పృశ్యుల పక్షమున సాక్ష్యమిచ్చిరి. 1928 అక్టోబరులో పూనాలో సైమను సంఘము నెదుట నిలిచిరి. కాంగ్రెసువారు ఆ సంఘమును బహిష్కరించి యుండుటచే వీరికి దేశద్రోహి యను నిందయు తప్పలేదు. మన వారి దుస్థితి ఎవరి దస్తావేజులలో నెక్కునో ఆ విచారణను విడువరాదని వారి నిశ్చయము. బొంబాయి రాష్ట్రీయ సంఘమున సభ్యులై యుండియు, తోటి సభ్యుల నివేదిక రుచింపక, వయోజనులందరికి ఓటు, ఉమ్మడి నియోజకములలో ప్రత్యేక స్థానములు కోరుచు 1929 మే నెలలో తమ నివేదికను వేరుగా సమర్పించిరి.

అన్నిటికంటె మనకు ముఖ్యమైనది 1928 నవంబరులో బొంబాయి ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము. స్టార్టే దొరగారు అధ్యక్షులు. అంబేద్కరు గారును, డాక్టరు సోలంకీ గారును, ఠక్కరు గారును సభ్యులలోనివారు. సంఘము జిల్లాలు తిరిగి అస్పృశ్యుల కష్టములను విచారించెను. 1929లో ఒక గ్రామమున అగ్రజాతులు మన వారిని బహిష్కరించిన సంగతి విచారించుటకు అంబేద్కరు గారు ఖాందేశమునకు వెళ్లి, చాలీస్‌గాం స్టేషనులో దిగిరి. అచ్చటి మహారువాడ ప్రజలు ఒక రాత్రి యుండుమని బ్రతిమాలిరి. ఊరి టాంగావాండ్రలో నొక్కడును మహారును ఎక్కించుకొని బండి తోలుటకు ఒప్పుకొనలేదు. అతిథి నడిచి వచ్చుట తమకు అవమానమని, టాంగాను మాత్రము బాడుగకు తీసికొని, తోలుట యెరుగని తమలో నొకడే పగ్గములు పట్టెను. ఏటి వంతెనకడ చక్రము రాతికి తగిలి, అంబేద్కరు గారు రాళ్లమీద విసరివేయబడిరి. గుర్రమును బండియు ఏటిలో పడెను. వారి కాలు విరిగెను. బహిష్కారమును విచారింప వచ్చిన అధికారియే బహిష్కారమునకు గురియయ్యెను. విదేశమున పట్టములు పొందిన బారిష్టరైనను, శాసనసభా సభ్యుడైనను, ఒక టాంగావాని దృష్టిలో వారు అస్పృశ్యుడే.

ఆ సంఘము 1930లో నివేదిక ప్రకటించెను. పల్లెలలో మన వారు హక్కు నడిగినప్పుడు కొట్టుటకంటె క్రూరమైన ఆయుధము కలదనియు, అది సాంఘిక బహిష్కారమనియు, అనగా పొలములో పని మాన్పుట, అంగడిలో సరకు లమ్మకుండుట, దారి మూయుట మొదలగునవనియు ఆ నివేదిక వివరించెను. అంబేద్కరు గారు ఆ పుటలను వ్యర్థముగా పోనీయలేదు. అదే సంవత్సరము లండనులో జరిగిన రౌండు టేబిలు సమావేశమునకు రావు బహదూరు శ్రీనివాసన్ గారితో కలిసి వెళ్లినప్పుడు, ఇద్దరును సమర్పించిన రక్షణల పథకములో ఈ నివేదికనే సాక్ష్యముగా చూపి, సమాన పౌరసత్వము మూలహక్కుగా ప్రకటింపబడవలెననియు, బహిష్కారము శిక్షార్హమైన నేరము కావలెననియు కోరిరి. బర్మా దేశమున 1922లో బహిష్కార నిషేధ చట్టము పుట్టియున్నదని చూపి, ఇది సాధ్యము కాదను వారికి జవాబు చెప్పిరి. 1932 సెప్టెంబరు 24వ తేదీని పూనా ఒడంబడికతో ముగిసిన వివాదములన్నిటి వెనుకను, ఊరూర తిరిగి కూర్చిన ఈ సాక్ష్యములుండెను.

పదియేండ్ల తీర్పు

మహాడు దావా మెల్లగా నడచెను. 1928 ఫిబ్రవరి 23వ తేదీని ఇంజంక్షను తొలగింపబడెను. 1931 జూన్ 8వ తేదీని సబార్డినేటు జడ్జిగారు దావాను కొట్టివేసిరి. వాదులు ఠాణా జిల్లా కోర్టునకు అప్పీలు చేయగా, 1933 జనవరి 30వ తేదీని అదియు కొట్టివేయబడెను. అంతటితో ఊరకొనక హైకోర్టునకు వెళ్లిరి. 1937 మార్చి 17వ తేదీని బ్రూంఫీల్డు, వాడియా అను న్యాయమూర్తులు తుది తీర్పు చెప్పిరి. చెరువు పురపాలక సంఘమునకు చెందినదనియు, అగ్రజాతులకు మాత్రమే చెందునను అనాది యాచారము ఋజువు కాలేదనియు తీర్పులో తేలెను. మన పక్షము నెగ్గెను.

అయితే ఈ జయమును కొంచెము పరీక్షించి చూడవలెను. అస్పృశ్యత అన్యాయమని హైకోర్టు తీర్పు చెప్పలేదు. వాదులు చెప్పిన ఆచారము అనాది కాలము నుండి యుండెనని ఋజువు లేదని మాత్రమే చెప్పెను. అనగా, ఆచారము ప్రాచీనమని వాదులు చాలినంత సాక్ష్యము తెచ్చి యుండినచో ఏమయ్యెడిది? ఆ కాలపు న్యాయము ప్రకారము ప్రాచీనమైన, నిశ్చితమైన, ఎడతెగని ఆచారమునకు కోర్టులలో చట్టమంత బలము కలదు. మనము నెగ్గినది మన హక్కు బలముచేత కాదు, ఎదుటివారి సాక్ష్యము బలహీనత చేత. వేరొక ఊరిలో వేరొక చెరువునకు వేరొక దావా పడినచో మరల పదియేండ్లు. దేశమునందలి ఊళ్లెన్ని, చెరువులెన్ని! మనుష్యుని దాహము మూడు కోర్టులు దాటి వచ్చువరకు ఆగునా?

న్యాయవాదిగా అంబేద్కరు గారు ఈ లోపమును స్వానుభవమున గుర్తెరిగిరి. 1935లో బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలకు ప్రధానాచార్యులై, విద్యార్థులకు న్యాయము నేర్పుచున్న దినములలోనే ఈ వ్యాజ్యము హైకోర్టులో నుండెను. ఆచారముతో కోర్టులో పోరాడుట గాక, ఆచారమునకే చట్టబలము తీసివేయవలెనను ఆవశ్యకత ఇట్లు స్పష్టపడెను.

చెరువు నుండి రాజ్యాంగమునకు

1947 ఆగష్టు 29వ తేదీని రాజ్యాంగ పరిషత్తు చిత్తుప్రతి సంఘమును నియమించెను. అంబేద్కరు గారు అధ్యక్షులైరి. నెల్లూరు మండలమున జన్మించిన మన తెలుగు ప్రాంతపు మహాన్యాయవాది అల్లాడి కృష్ణస్వామి అయ్యరు గారు అందొక సభ్యులు. అంతకుముందే మూలహక్కుల ఉపసంఘమున అంబేద్కరు, మున్షీ, అల్లాడి మొదలగువారు కూర్చుండి చర్చించియుండిరి. రాజ్యాంగము ఒక్కరి చేతి పని యనుట సత్యము గాదు. కాని అందలి కొన్ని అధికరణములను చదువునప్పుడు మహాడు చెరువు కన్నులకు గట్టకమానదు.

పదునేడవ అధికరణము అస్పృశ్యతను రూపుమాపి, దాని నాచరించుటను నేరముగా చేసెను. పదునేనవ అధికరణము, ప్రభుత్వ ధనముతో నడచు లేక ప్రజల కంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టములు, దారులు వాడుకొనుటలో కులమునుబట్టి ఎవ్వరికిని అడ్డు చెప్పరాదనెను. బోలే గారి తీర్మానము ఒక శాసనసభ కోరిక. పురపాలక సంఘము దానిని ఒక ఏడు ఒప్పుకొని, మరొక ఏడు త్రోసివేయగలిగెను. ఇది యట్లు త్రోసివేయుటకు వీలులేని మూలశాసనము. ఇంతకంటె లోతైనది పదుమూడవ అధికరణము. మూలహక్కులకు విరుద్ధమైన చట్టములు చెల్లవని చెప్పుచు, చట్టబలము గల ఆచారమును కూడ చట్టములలోనే చేర్చినది. 1937లో కోర్టు అడిగిన ప్రశ్న ఆచారము ఋజువైనదా యని. 1950 జనవరి 26వ తేదీ నుండి ఆ ప్రశ్న మారిపోయెను. ఋజువైనను, వేయి సంవత్సరములదైనను, మూలహక్కునకు విరోధమైన ఆచారము చెల్లదు.

ముప్పదిరెండవ అధికరణము ఆ హక్కులు భంగపడినప్పుడు నేరుగా సుప్రీముకోర్టు నాశ్రయించు హక్కు నిచ్చెను. 1948 డిసెంబరు 9వ తేదీని దీనిని చర్చించునప్పుడు, రాజ్యాంగమంతటిలో మిక్కిలి ముఖ్యమైన అధికరణమేదియని అడిగినచో దీనినే చూపుదునను అభిప్రాయమును అంబేద్కరు గారు వెల్లడించిరి. క్రింది కోర్టు నుండి మీది కోర్టునకు, అచ్చటి నుండి హైకోర్టునకు పదియేండ్లు నడచిన ప్రతివాది అట్లు తలచుటలో వింత యేమున్నది?

సాంఘిక బహిష్కారమును గూర్చి 1930లో కోరిన కోరిక నెరవేరుటకు ఇంకను కాలము పట్టెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. 1976లో దానిని బలపరచి పౌరహక్కుల రక్షణ చట్టమను పేరు పెట్టిరి. 1989లో అత్యాచారముల నిరోధక చట్టము పుట్టెను. చాలీస్‌గాం వంతెనకడ పడిన దెబ్బకు మందు ఇంత నెమ్మదిగా వచ్చినది.

కడపటి మాట

అంబేద్కరు గారికి మన ప్రాంతముతో సంబంధము లేకపోలేదు. 1944 సెప్టెంబరులో మదరాసు రాజధానిలో పర్యటించుచు ఏలూరు మొదలగు ఆంధ్ర పట్టణములలో మన వారి సభలలో ప్రసంగించిరి. 1953 జనవరి 12వ తేదీని హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయము వారికి డి.లిట్. గౌరవపట్టము నొసగెను. 1956 డిసెంబరు 6వ తేదీని ఢిల్లీలో స్వర్గస్థులైరి. 1990లో భారతరత్న బిరుదము వారికి మరణానంతరము ప్రకటింపబడెను.

1917లో బెజవాడయందు భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతను మన పెద్దలు కూడి, పంచములను పేరును త్రోసి ఆది ఆంధ్రులమని చెప్పుకొనినప్పుడు, వారికి ఒక పేరు చాలెను. ఆ పేరును నిలుపు చట్టము ఇంకను పుట్టలేదు. నేడు చట్టమున్నది. దానిని మన పల్లెవరకు తెచ్చు మనుష్యులు కావలెను. చట్టమున్న చోటను, బావికడ తగవు వచ్చినప్పుడు ఫిర్యాదు వ్రాయువాడెవడు? గాయములను ఆసుపత్రిలో వ్రాయించువాడెవడు? దారి ఎవరిది, శ్మశానము ఎవరిది, చెరువు ఏ పద్దు క్రింద త్రవ్వబడినది అను కాగితములను గ్రామ కచేరీ నుండి తెచ్చి భద్రపరచువాడెవడు? మహాడులో దెబ్బలు తిన్ననాడు అంబేద్కరు గారు చేసిన మొదటి పని కర్ర నెత్తుట కాదు, ఫిర్యాదు వ్రాయించుట. బహిష్కారము విన్నప్పుడు చేసిన పని శపించుట కాదు, ఆ యూరికి పోయి విచారించుట.

యువకులారా! మీలో న్యాయశాస్త్రము చదువువారు హెచ్చవలెను. చదివినవారు పట్టణముననే నిలిచిపోక, సంవత్సరమున కొన్ని దినములైనను మన పల్లెల కాగితములు చూచుటకు వినియోగింపవలెను. పోషక మహాశయులారా! ఒక విద్యార్థి చదువు నడుమ నిలిచిపోయినచో ఏమి నష్టమో 1917 మనకు చెప్పుచున్నది. నిలిచిన చదువు మరల సాగినచో ఏమి లాభమో 1950 చెప్పుచున్నది. న్యాయవిద్యార్థులకు మీరిచ్చు వేతనము ఒక కుటుంబమునకు చేయు దానము గాదు. రేపు ఏ యూరి చెరువుగట్టుననో దాహముతో నిలిచిన బాలునకు మీరు ముందుగా పంపిన నీరు.